దూరపు వినికిడి

మోకాళ్లు అరిగిపోయి షెడ్డు మూసేశాడు గానీ, మేస్త్రి పని మానలేదు. ముందుగదిలో పడకకుర్చీ వేసుకుని, ఫోను చెవికి ఆనించుకుని ఇంజన్లు బాగుచేస్తాడు. యంత్రం మొరాయించినవాడు ఫోన్ చేసి, ఫోనును ఇంజనుకి జానెడు దూరంలో పట్టుకుని, నోరు మూసుకుని ఇరవై దాకా లెక్కపెట్టుకోవాలి. అది మేస్త్రి పెట్టిన నియమం. ఇరవై అయ్యేసరికి ఆయన కళ్లు తెరిచి "రెండో వాల్వు వదులైంది" అనో, "బేరింగు పోతోంది, ఇంకో వారం లాగుతుంది" అనో చెప్పేవాడు. పదింట తొమ్మిదిసార్లు తప్పేది కాదు. ఆ పదోసారి తప్పితే, ఫోను సరిగ్గా పట్టుకోలేదని అవతలివాడే ఒప్పుకునేవాడు. చెవుల మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు.

ఆ పొద్దున స్నానం చేసి వచ్చేసరికి బావమరిది ఆయన ఫోను పట్టుకుని కూర్చునున్నాడు. కింది వాటాలో కళ్లజోళ్ల అంగడి అతనిది. లోకంలోకి కొత్తదేదొచ్చినా ముందు తన చేతికే రావాలి.

"బావా, అప్‌డేట్ వచ్చింది. నాది వేసుకున్నా, పనిలోపని నీదీ వేసేశా."

"నన్నడగొద్దుట్రా?"

"సబ్బు రాసుకుంటున్నవాణ్ణి ఏమడుగుతాను? ఇది చూడు ముందు. ఫొటోలో మన వెనక అడ్డంగా నిలబడ్డవాళ్లని వేలితో తుడిచేయొచ్చు."

వంటింట్లోంచి మేస్త్రి భార్య తల బయటపెట్టింది. "అయితే మొన్నటి ఫొటోలో నిన్ను తుడిచెయ్యి. అందరికీ అడ్డంగా నువ్వే ఉన్నావు."

"అక్కా, నువ్వూరుకో."

"ఊరుకోవడమేమిటి? నా ఫోనుకీ వేశావు కదా, ఇందాక పాల కోసం అలారం పెడితే అది ఆగి చావలేదు. ఆపే మీట ఎక్కడ దాచారో! చివరికి దిండు కింద కుక్కితే గానీ నోరు మూయలేదు."

"మీట తీసేశారక్కా. ఇప్పుడు పైకి తొయ్యాలి."

"పైకంటే ఎక్కడికి, అటక మీదకా?"

మేస్త్రి ఫోను దూరంగా పెట్టి చూశాడు. "అక్షరాలేమిట్రా, లంఖణాలు చేసినట్టు బక్కచిక్కాయి?"

"కొత్త స్టైలు బావా."

"నీ అంగడికి మంచిదేలే."

"ఛార్జింగు రెండ్రోజులు తొందరగా దిగుతుందట, తర్వాత సర్దుకుంటుందట. కాల్లో మాట మాత్రం కడిగిన ముత్యంలా వినిపిస్తుందట. నూటెనిమిది మార్పులున్నాయి, నేనింకా పదమూడో దాంట్లో ఉన్నా."

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు..." అంటూ ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ సామెత ఆ పూటకి ఎంత సరిపోతుందో ఆమెకీ తెలియదు.

తొమ్మిదింటికి పిండిమర యజమాని ఫోన్ చేశాడు. పెద్దమనిషి, తూచినట్టు మాట్లాడతాడు. "మేస్త్రిగారూ, మర తేడాగా ఉంది. వినండి" అని ఫోను మర దగ్గర పెట్టాడు.

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. నిశ్శబ్దం. నూతిలో తల పెట్టినట్టు, ఏమీ లేదు.

"మర వెయ్యండి."

"తిరుగుతూనే ఉందండీ."

"దగ్గరగా పెట్టండి."

"ఇంకా దగ్గరంటే ఫోను పిండైపోతుంది."

బావమరిది ఫోను నుంచి మళ్లీ చేశారు. మనిషి మాట గణగణమంటోంది. మర మాత్రం లేదు. రెండు ఫోన్లూ ఒకేసారి చెడవు కదా! అయితే చెడిందేది? మేస్త్రి చెవి తడుముకున్నాడు. "మధ్యాహ్నం చెబుతాను" అని పెట్టేశాడు.

తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. భార్య వంటింట్లో చెంచా జారవిడిచింది. వినబడింది. కుట్టుమిషను తొక్కింది. వినబడడమే కాదు, "నూనె వెయ్యవే" అని కూడా అన్నాడు. చెవి ఉంది. మరి మర ఏది?

బావమరిది గడ్డం గోక్కుని తన విద్యంతా బయటికి తీశాడు. "బావా, చూపులో దగ్గర చూపు, దూరపు చూపు ఉంటాయా లేదా? నా దగ్గరికొచ్చేవాళ్లలో సగంమంది పేపరు చదువుతారు, బస్సు నంబరు కనబడదు. నీకు దూరపు వినికిడి పోయింది."

"మనిషి మాట వినబడుతోంది కదరా, అదీ దూరమేగా?"

"మాట పెద్దక్షరం లాంటిది. మర చప్పుడు చిన్నక్షరం."

అర్థమైనట్టూ ఉంది, కానట్టూ ఉంది. కానీ మేస్త్రి నమ్మేశాడు. భయపడినవాడికి ఏ వైద్యుడైనా వైద్యుడే. మోకాళ్లు పోయినప్పుడు కూడా ఆయన ఇంత కుంగలేదు. ఫోను బోర్లించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక ఆ కుర్చీలో కూర్చునేది మేస్త్రి కాదు, ఒట్టి ముసలాయన.

పదకొండింటికి చెల్లెలి ఫోన్. మూడు గంటల ప్రయాణమంత దూరంలో ఆమెకి హ్యాచరీ ఉంది. గుడ్లని మిషన్లలో వెచ్చగా పొదిగించి కోడిపిల్లల్ని తీస్తుంది.

"అన్నయ్యా! తెల్లారుజాము నుంచి కరెంటు లేదు. జనరేటరు లేస్తోంది, పడుతోంది, ఆగిపోయేలా ఉంది. పన్నెండువేల గుడ్లు, రేపు పగలాలి. లోపల పిల్లలు కదులుతున్నాయి. గంటకన్నా ఎక్కువ ఆగవు. విను!"

నిశ్శబ్దం.

"విన్నావా?"

"లేదమ్మా."

"ఇంత చప్పుడు చేస్తుంటేనా?"

"నా చెవి పోయింది తల్లీ. దూరపు వినికిడి పోయింది. ఎవరినైనా పిలిపించుకో."

"ఎవరొస్తారు గంటలో? దూరపు వినికిడేమిటి, నీ మొహం! ఎవరు చెప్పారు?"

"బావమరిది."

"ఆహా, కళ్లజోళ్ల డాక్టరా! చెవులు కూడా చూస్తున్నాడా ఇప్పుడు? సరే అయితే, నేనే చేస్తా, విను. డుగ్‌డుగ్‌డుగ్‌డుగ్... గుళక్... డుగ్... డుగ్... గుళక్..."

మేస్త్రి నిటారుగా లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్నకి ఆయిలింజను ఉండేది. ఈ చెల్లెలు కిటికీ కింద నక్కి దాని చప్పుడు చేస్తే, ఆపిన ఇంజను ఎలా తిరుగుతోందా అని నాన్న పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తేవాడు.

"ఆ గుళక్ మళ్లీ చెయ్యి. గుటక వేసినట్టుందా, సుత్తితో కొట్టినట్టుందా?"

"గుటకే. గుళక్. ఆ తర్వాత ఊపిరాడనట్టు డుగ్... డుగ్..."

"సుత్తి దెబ్బయితే పంపు విప్పాలి, పూట పడుతుంది. ఇది గాలి. డీజిల్ ఫిల్టర్ ఎవరు మార్చారు?"

"మొన్న మా వ్యాను డ్రైవరు."

"గాలి చొరబడనిచ్చాడు. ఇంజను ఆపు. ఫిల్టరు మీదున్న చిన్న స్క్రూ రెండు చుట్లు వదులు చెయ్యి. పక్కనే చేతిపంపు ఉంటుంది, నొక్కు. నురగొస్తుంది. నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా నొక్కి, స్క్రూ బిగించు."

అవతల ఆమె ఆయాసం ఒక్కటే వినిపిస్తోంది. మేస్త్రి భార్య వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి మాట వచ్చింది. "బిగించి ఇంజను వేశా." మళ్లీ నిశ్శబ్దం.

"ఏమైందే? పలకవే!"

"డుగుడుగుడుగుడుగుడుగుడుగు..." చెల్లెలు గుక్క తిప్పుకోకుండా చేసింది. మధ్యలో నవ్వో ఏడుపో అడ్డొచ్చి ఆగింది. "ఫ్యాన్లు తిరుగుతున్నాయన్నయ్యా. వేడి ఎక్కుతోంది."

మేస్త్రి ఫోను ఒళ్లో పెట్టుకుని భార్య వంక చూశాడు.

"మీ చెల్లెలు నోటితో చేస్తే వినబడింది కదండీ," అందామె. "మరి చెవి పోయిందెక్కడ? తెగులు ఫోనుకి!"

బావమరిది గబగబా జాబితా తిరగేశాడు. డెబ్బై రెండో మార్పు దగ్గర గొంతు తగ్గించి చదివాడు: "కాల్లో మనిషి గొంతు తప్ప మిగతా చెత్త చప్పుళ్లన్నీ తీసివేయబడతాయి."

"చెత్తా?" అన్నాడు మేస్త్రి. నలభై ఏళ్లు తిండి పెట్టినదాన్ని అంత మాటన్నారు! "మనిషి ఇంజనులా అరిస్తే వినబడుతుంది, ఇంజను ఇంజనులా అరిస్తే వినబడదా? ఇదెక్కడి న్యాయంరా?"

"ఆపే మీట ఎక్కడో ఉంటుంది బావా."

"పైకి తోసి చూడు," అంది అక్క.

పైకి తోశాడు, పక్కకి తోశాడు. అక్షరాలు ఇంకాస్త చిన్నవయ్యాయి గానీ మీట దొరకలేదు. మాటిచ్చిన మధ్యాహ్నం అయిపోయింది. మేస్త్రి పిండిమర యజమానికి ఫోన్ చేశాడు.

"అయ్యా, మీ మర చప్పుడు కొంచెం మీరే నోటితో చెయ్యాలి."

"నేనా?"

"తమరే."

"ఇక్కడ... మనుషులున్నారండీ."

"తలుపేసుకోండి."

తలుపు మూసిన చప్పుడు వినబడలేదు. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత ఒక దగ్గు, దాని వెనకే సన్నగా, సిగ్గుసిగ్గుగా, "కిర్ర్ ర్ ర్..."

"కొంచెం గట్టిగానండీ," అని మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. "ఇరవై దాకా."