పాటలు లేని కొత్త బస్సు

ఎస్తేరమ్మ నెల్లూరు బస్టాండులో కొత్త బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికెక్కి చూసింది. మెత్తటి సీట్లు, కిటికీలకు అద్దాలు, అంతా బాగానే ఉంది. డ్రైవరు తలపైన ఉండవలసిన రేడియో మాత్రం లేదు.

పెంచల నాయుడి పాత బస్సుకు కృష్ణపట్నం దారిలో అంత పేరు రావడానికి ఆ రేడియోయే కారణం. వేరే బస్సు ఖాళీగా వచ్చినా వదిలేసి జనం దీనికోసం కాచుకునేవారు. పాట మొదలైతే డ్రైవరు మస్తానయ్య బస్సును నిదానంగా పోనిచ్చేవాడు. ఎవరూ మాట్లాడేవారు కాదు. కోడిని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు దాని ముక్కు నొక్కి పట్టుకునేవారు.

ఈ సాయంత్రం ఎస్తేరమ్మకు ఆ రేడియో కావాలి. ఆమె కూతురు పుష్పకుమారి గుంటూరులో టీచరు ట్రైనింగు చదువుతోంది. దీపాలు పెట్టేవేళ బెజవాడ రేడియోలో ఆ పిల్ల నాట్ల పాట పాడుతుందని పాస్టరుగారు కబురు చెప్పారు. వాళ్ల పాలెంలో ఎవరికీ రేడియో లేదు. అందుకే పనేమీ లేకపోయినా పొద్దున నెల్లూరు వచ్చి, పాట వేళకు దారిలో ఉండే ఈ బస్సు కోసం ఎదురుచూసింది.

రేడియో ఏదని అందరూ కండక్టరు ఓబులేసును నిలదీశారు. పాతది పెట్రోలు బండి, ఇది డీజిలు, దీని హోరులో ఏ పాటా వినపడదు, అందుకే నాయుడుగారు రేడియోను ఊడదీయించి ముత్తుకూరులోని తన బట్టల కొట్లో పెట్టించారని అతను చెప్పాడు.

"సీట్లు మెత్తగా ఉండాయి గదా, నిద్రపోండి" అన్నాడు.

"నిద్రపోయేదానికి మాకు ఇండ్లు లేకనా, నీ బస్సెక్కింది?" అంది రొయ్యల గంప చెంచమ్మ.

బస్సు కదిలింది. ఇంజను హోరు కాళ్ల కిందనుంచి పళ్లలోకి ఎక్కింది. ఎస్తేరమ్మ కాసేపు బిగబట్టుకుని, చివరకు పక్కనున్న చెంచమ్మ చెవిలో తన సంగతి చెప్పింది. చెంచమ్మ ముందు సీటుకు చెప్పింది. ఆ మాట సీటు సీటుకూ పాకి మస్తానయ్య దాకా పోయింది. అతను తల తిప్పలేదు. ఒకసారి పొద్దు వంక మాత్రం చూశాడు.

ముత్తుకూరులో దిగేవాళ్లు దిగేంతసేపే బస్సు ఆగడం మామూలు. మస్తానయ్య మాత్రం కిందికి దిగి, ఇంజను మూత ఎత్తాడు.

"కాగింది. నీళ్లు పొయ్యాల."

"నెల్లూరులో పోసినా గదన్నా. కొత్త బండి కాగేదేంది?" అన్నాడు ఓబులేసు.

"కొత్తది గాబట్టే. దానికి ఈ దారి అలవాటు కాలా. పోయి నీళ్లు తే. చెంబుతో తే, బిందెతో వద్దు."

ఓబులేసు కాసేపు అతని మొహం చూసి, చెంబు తీసుకుని దూరంగా ఉన్న బావి వైపు నడిచాడు. రేవులో ఆఖరి పడవ పోతుందని దారంతా గొణిగిన పెద్దమనిషే అందరికంటే ముందు కిందికి దిగాడు.

అంతమంది ఒక్కసారిగా కొట్టు ముందుకు వచ్చేసరికి పెంచల నాయుడు బేరాలనుకుని చీరలు పరిచాడు. వాళ్ల చూపులన్నీ తానుల మధ్య ఉన్న రేడియో మీదే ఉండడం చూసి, మారుమాట లేకుండా శబ్దం పెంచాడు. ధాన్యం ధరలు అయ్యాయి. తర్వాత ఒక మగగొంతు పుష్పకుమారి పేరు చెప్పింది.

ఎస్తేరమ్మ గుడిలో ప్రార్థనకు కప్పుకున్నట్టు కొంగు తలమీదికి లాక్కుంది. మనిషి లేకుండా మాట వచ్చేచోట ఇంకెలా నిలబడాలో ఆమెకు తెలియదు.

పాట వచ్చింది. ఎస్తేరమ్మ ఇన్నేళ్లుగా మడిలో వంగి పాడుతున్నదే, పుష్పకుమారి గట్టుమీద కూర్చుని నేర్చుకున్నదే. కూతురి సన్నటి గొంతు కోసం చెవులు రిక్కించింది. వినవస్తున్నది అది కాదు. ప్రతి చరణం చివరా కొంచెం బరువుగా దిగి, ఊపిరి తీసుకుని, మళ్లీ లేస్తున్న గొంతు. ఎస్తేరమ్మ దుకాణం గుంజ పట్టుకుంది.

పాట ఆగగానే ఆమె నోట "ఆమేన్" అనే మాట దానంతటదే వచ్చింది. రేడియో పాటకు చివర అలా అనాలి కాబోలనుకుని, చెంచమ్మా, పడవ పెద్దమనిషీ, బస్సు జనమంతా "ఆమేన్" అన్నారు. కాస్త ఆలస్యంగా లోపలినుంచి నాయుడు కూడా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నీ బిడ్డ బాగా పాడిందక్కా" అంది చెంచమ్మ మెల్లగా.

"పాడింది నా బిడ్డ కాదు మే. మా అమ్మ."

ఆమె తల్లి రెబెక్కమ్మ పోయి చాలా ఏళ్లయింది. పుష్పకుమారి అప్పటికి చంకలో పిల్ల. ఆ సంగతి పాలెం దారిలో వెళ్లే అందరికీ తెలుసు.

"ఇంట్లో పాడేటప్పుడు దాని మొహం కనపడతా ఉండేది. అందుకని నాకు ఇన్నాళ్లూ తెలీలేదు. మొహం లేకపోయేసరికి ఆమె వచ్చింది" అంది ఎస్తేరమ్మ.

మస్తానయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అందరూ బస్సెక్కారు.

బండి కదిలాక ఎస్తేరమ్మ కిటికీ పక్కన కూర్చుని ఆ పాటే ఎత్తుకుంది. ఆ హోరులో పక్కనున్న చెంచమ్మకు కూడా వినపడలేదు. ఆమె అరచేత్తో ఒక చెవి గట్టిగా మూసుకుని, తన గొంతులో ఎవరున్నారో వినడానికి ప్రయత్నిస్తూ, చరణం తర్వాత చరణం పాడుతూ పోయింది.