పిజ్జా అంచులు

మా ఆయన పిజ్జా అంచులు తినడు. ఈ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది, ఎందుకంటే అప్పటినుంచీ అవి తింటున్నది నేనే. మధ్యలో మెత్తగా ఉన్నదంతా తాను తిని, అంచులన్నీ ప్లేటులో ఓ పక్కకి చేర్చి, మాట ఆపకుండా, నావైపు చూడకుండా ప్లేటు నా ముందుకి జరుపుతాడు. నేనూ మాట ఆపకుండానే అందుకుంటాను. ఒక్క పిజ్జా అనే కాదు. రొట్టె ప్యాకెట్టులో అట్టడుగు ముక్క, గిన్నెకి అంటుకుని మాడింది, కమిలిన అరటిపండు, పాలల్లో నాని ఎవరికీ అక్కర్లేకుండా పోయిన బిస్కెట్టు, అన్నీ నావే. "పారేస్తే పాపం, నువ్వు తినెయ్యమ్మా" అనేవారు మా అత్తగారు. ఆవిడ కూడా జీవితమంతా అలాగే తిన్నారు కాబట్టి ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ఆ పాపమేదో ఆ ఇంట్లో మగవాళ్లకి ఎందుకంటదో అడగాలని కూడా తోచలేదు.

మా వీధి చివర టైర్ల షాపు ఉండేచోట ఈమధ్య ఒక పబ్బు వచ్చింది. బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోస్తారు. అద్దాల గోడ వెనక నిలువెత్తు స్టీలు ట్యాంకులు, లోపలికి అడుగుపెట్టగానే ఉడికిన గింజల వాసన. మా ఆడపడుచు మా ఇంటికొచ్చి ఉంది. ఆవిడకి ఆ పబ్బు చూపించాలని తమ్ముడిగారి సరదా. నేను క్లినిక్కు నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను. నేను పళ్ల డాక్టర్ని. పొద్దుటినుంచీ జనం నోళ్లలోకి వంగి వంగి నడుం పట్టేసింది. ఎక్కడో ఒకచోట కాసేపు కూర్చుంటే చాలనిపించింది.

ఆర్డరు తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి నన్ను చూసి, "డాక్టర్ గారూ, మీరుండేది ఈ వీధిలోనేనా?" అని నవ్వింది. పళ్లకి క్లిప్పులున్నాయి. అవి నేను వేసినవే. మొన్ననే వైరు బిగించి, గట్టివి కొరకొద్దని, ముఖ్యంగా పిజ్జా అంచుల జోలికి పోవద్దని కోప్పడి మరీ పంపాను. మావాళ్లందరి ముందూ ఆ పిల్ల నన్నంత గౌరవంగా పలకరిస్తే నాకు లోలోపల గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

రుచి చూసి ఎంచుకోమని ఆ అమ్మాయి చిట్టి గ్లాసుల్లో రకానికి కాస్త తెచ్చిపెట్టింది. అన్నిట్లోకీ నల్లటిది నాకు నచ్చింది. వేయించిన గింజల చేదు, ఆ చేదు వెనక ఎక్కడో కొంచెం తీపి. ఇంకో గుక్క తాగేలోగా మా ఆయన ఆ గ్లాసు తనవైపు తీసుకుని, "ఆవిడకివి పడవులేమ్మా, నిమ్మకాయ సోడా తీసుకురా" అన్నాడు. తాగితే రేపు ఒకరి పన్ను పీకబోయి ఇంకొకరిది పీకేస్తుందని మా ఆడపడుచు అందుకుంది. ఆవిడ చేతిలో మాత్రం పెద్ద గ్లాసే ఉంది. ఆవిడ ఇంటి ఆడపడుచు, నేను కోడల్ని. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అవునులే, నాకు సోడా చాలన్నాను. అలా ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. నాకు పడుతుందో లేదో నేనింకా తేల్చుకోనే లేదు.

పిజ్జా రాగానే నేను లేచి నిలబడ్డాను. లెమ్మని ఎవరూ అనలేదు. ముక్కలు విడదీసి వదినకి, ఆయనకి, ఏడో క్లాసు చదివే మా అమ్మాయికి వేశాను. ఇంకోటి, ఇంకోటి అంటూ అందరికీ వేసి కూర్చునేసరికి చెక్క పళ్లెంలో నూనె మరకలు మిగిలాయి. అప్పుడే ఆయన ప్లేటు నా ముందుకి జరిగింది. అంచులు సాసులో ముంచుకుని తింటున్నాను. ఆకలి మీదున్నానేమో, చాలా బాగున్నాయి కూడా.

"డాక్టర్ గారూ, అది సారు తిన్న ప్లేటండీ. మీకు వేరే తెస్తానుండండి" అంది క్లిప్పుల అమ్మాయి పక్కకొచ్చి.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "మా ఇంట్లో చెత్తబుట్టతో పనిలేదమ్మా, మీ డాక్టర్ గారున్నారుగా" అన్నాడు.

ఎంతో ప్రేమగా అన్నాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు. వదిన పడీపడీ నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. పెదాలు బిగించి క్లిప్పులు దాచుకుని, ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. నా చెవులు కాలిపోయాయి. నోట్లో ఉన్న ముక్క మింగలేను, ఉమ్మలేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన అన్న మాటకి కాదు, అది అబద్ధం కానందుకు. నన్నెవరూ చెయ్యి పట్టుకుని తినిపించలేదు. ఎంగిలి ప్లేటు కోసం చెయ్యి చాపింది నేనే. పిజ్జా మధ్య ముక్క వేడివేడిగా, అందరికంటే ముందు ఎప్పుడు తిన్నానా అని ఆలోచిస్తే ఒక్కసారీ గుర్తుకు రాలేదు. వచ్చే నెల ఆ పిల్ల నా కుర్చీలో పడుకుని నోరు తెరుస్తుంది. ఏం తినాలో ఏం తినకూడదో ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

రెండో పిజ్జా వచ్చింది. మళ్లీ వడ్డించాను, తల ఎత్తకుండా. మళ్లీ ప్లేటు జరిగింది. ఈసారి నా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ప్లేటు బల్ల మధ్యలో ఉండిపోయింది. ఆయన ఆఫీసు కబురేదో చెబుతూ ఒకసారి ప్లేటు వంకా, ఒకసారి నా వంకా చూశాడు. కడుపు నిండిపోయిందా అని అడిగాడు. నోరు తెరిస్తే ఏడుస్తానని భయం.

మా అమ్మాయి నా ముఖంలోకి చూసింది. దానికేం అర్థమైందో, ప్లేటు మెల్లగా తనవైపు లాక్కుని, "నేను తినేస్తాలే అమ్మా" అంది. ఒక అంచు తీసి కొరికింది.

"నా బంగారమే. అచ్చం వాళ్లమ్మ" అన్నాడు మా ఆయన మురిసిపోతూ.

అప్పటిదాకా పడ్డది సిగ్గే కాదనిపించింది. దాని చేతిలోంచి ఆ ముక్క తీసుకున్నాను. మళ్లీ ప్లేటులో వేసి, ప్లేటు ఆయన ముందు పెట్టాను.

"మీరు వదిలేసినవి మీ దగ్గరే ఉండనివ్వండి."

నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. వదిన గ్లాసు కింద పెట్టింది. క్లిప్పుల అమ్మాయిని పిలిచి ఇంకో పిజ్జా, ఒక నల్ల బీరు, పెద్ద గ్లాసు, చెప్పాను. ఇప్పుడదంతా ఎవరు తింటారే, పారెయ్యడానికా అన్నాడు ఆయన.

"నేను."

పిజ్జా వచ్చాక ముగ్గురూ నా వంక చూశారు, లేచి వడ్డిస్తానని. మోకాళ్లు లేవబోయాయి కూడా. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. కూర్చునే నా ముక్క నేను తీసుకుని తిన్నాను. నాలుక కాలింది, సిగ్గు మాత్రం పోలేదు. మా అమ్మాయి ముందు నన్ను, తర్వాత వాళ్ల నాన్నని చూసి, తనంతట తానే ఒక పెద్ద ముక్క అందుకుంది. మెత్తటిదంతా తిని, అంచు ప్లేటులో వదిలేసి, చేతులు తుడుచుకుంది.

ఆ అంచు మీదకి నా చెయ్యి దానంతటదే వెళ్లింది. సగం దూరంలో ఆపి, వెనక్కి తీసుకున్నాను.