నలభై పోగులు

ఎడమచేతి వేళ్ళ మధ్య పాత పోగు, కుడిచేతి వేళ్ళ మధ్య కొత్త పోగు. రెంటి కొసలూ ఒకచోట చేర్చి, బూడిద అంటిన బొటనవేలితో ఒక్క పురి తిప్పితే అతుకు పడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు మగ్గం ముందు కూర్చున్న నాగరత్నమ్మ పదకొండయ్యేసరికి పదిహేను వందల పోగులు అతికింది. ఇంకా మూడు వేలున్నాయి.

ధర్మవరంలో చీర నేసినవాళ్ళను నలుగురూ మెచ్చుకుంటారు. నేసి ముగిసిన పడుగు నిలువుపోగుల కొసలకు కొత్త పడుగును అతికేవాళ్ళ ఊసు ఎవరికీ పట్టదు. పట్టడానికి ఆ అతుకు చీరలోకి వస్తే కదా! అంత మేరా మొదట్లోనే కోసి పారేస్తారు. అంటే ముప్పై ఎనిమిదేళ్ళుగా రత్నమ్మ చేసిన పనంతా కత్తెర పాలే. ఆ మాట ఆమెతో అంటే నవ్వేస్తుంది. "అతుకు లేకుంటే చీర యాడిది?" అంటుంది.

సన్నటి మనిషి. కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. బొటనవేలి గోరు ఎంత తోమినా బూడిద రంగు వదలదు. కళ్ళకు ఇంకా అద్దాలు రాలేదని ఆమెకు కొంచెం గర్వం కూడా. కళ్ళతో ఏ పేచీ లేదు. వచ్చిన చిక్కంతా చెవులతోనే.

పదకొండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం తన ఇంట్లోనే ఇలా పడుగు ముందు కూర్చుని ఉంది. లోపలి గదిలో భర్త కుళ్ళాయప్ప కడుపులో మంట అని మజ్జిగ తాగి పడుకున్నాడు. "రత్నా" అని పిలిచాడు. కాసేపాగి మళ్ళీ పిలిచాడు. "ఉండు, వస్తాండా. ఈ పిడి అయిపోనీ" అంది. పిడికిట పట్టిన పోగుల కట్టలో, ఆ పిడిలో, మిగిలింది నలభై పోగులే. నలభై పోగులకు నాలుగు నిమిషాలు. అవి పూర్తి చేసి, చెయ్యి దులుపుకుని లోపలికి వెళ్ళింది. కుళ్ళాయప్ప కళ్ళు గుమ్మం వైపే తెరుచుకుని ఉన్నాయి. ఊపిరి లేదు.

అప్పటినుంచీ ఆ పిలుపు ఆమెను వదల్లేదు. ఎవరింట్లో ఏ పడుగు ముందు కూర్చున్నా నడిమధ్యలో "రత్నా" అని వినబడేది. చేతులు ఇక్కడే ఉండేవి, మనసు పోయి ఆ గుమ్మంలో నిలబడేది. పోగు మీద పోగు పడేది. నేతగాళ్ళు రెండుసార్లు ఓర్చుకున్నారు, మూడోసారి మొహమాటపడ్డారు, ఆ తర్వాత పిలవడం మానేశారు. వారానికి నాలుగు పడుగులు అతికిన మనిషికి నెలకు రెండు దొరకడమే గగనమైపోయింది.

హిందూపురంలో ఉంటున్న కూతురు సౌమ్య ఊరుకోలేదు. కల్యాణమంటపంలో మూడు రోజులు ధ్యానం క్లాసు పెట్టారని తల్లిని లాక్కెళ్ళింది. తెల్లబట్టల సారు, "ఆలోచన వస్తే దాని వెంట పోవద్దు. పోనిచ్చి, మళ్ళీ మీ శ్వాస దగ్గరికి రండి. ఈ క్షణంలో ఉండండి" అన్నాడు. మొదటిరోజు రత్నమ్మ హాయిగా కునికిపాట్లు పడింది. రెండోరోజు మోకాళ్ళ నొప్పి తప్ప ఆమెకు వేరే క్షణమేదీ చిక్కలేదు. మూడోరోజు మాత్రం, "ఇంతేనా! ఈయప్ప చెప్పేది పోగు పట్టుకోమనే" అనుకుంది.

తిరుగు రైల్లో పెనుకొండ కొండ కనబడుతుండగా పిలుపు వచ్చింది. రత్నమ్మ దాని వెంట పోలేదు. కొంగు అంచును వేళ్ళ మధ్య పట్టుకుని, దాని నేతనే తడుముతూ కూర్చుంది. కాసేపటికి ఆ గొంతు పెనుకొండలో దిగిపోయినవాళ్ళతో పాటే దిగిపోయినట్టయింది.

మూడు నెలలుగా అదే సాధన. పిలుపు రాగానే పోనివ్వడం, పోగు దగ్గరికి రావడం. తప్పులు తగ్గాయి. రెండేళ్ళుగా ముఖం చాటేసిన నేతగాడు మల్లికార్జున మొన్న తనే ఇంటికొచ్చి, "వంకాయ రంగు పడుగు, రత్నమ్మా. పెళ్ళి ఆర్డరు. తప్పు పడిందంటే నా గతి ఇంతే" అన్నాడు. ఆమె గతి కూడా అంతేనని అతను చెప్పలేదు. ఆమెకు తెలుసు.

ఇవాళ ఆ పడుగు ఆమెకు అప్పగించి మల్లికార్జున కదిరికి పోయాడు. పదకొండు దాటాక అతని భార్య మంజు ఆధార్ సెంటరుకు బయల్దేరింది. మగ్గం గదిలోనే గోడవారగా మంచం మీద ఆమె మామ నరసింహయ్య ఉన్నాడు. ఎనభై రెండేళ్ళ ముసలి నేతగాడు.

"రత్నమ్మత్తా, మామ మాట్లాడక నాలుగు దినాలైంది. పండుకోనే ఉండాడు. నేను అట్లపోయి ఇట్లొస్తా."

"పోయిరామ్మా. నేనుండా కదా."

ఇల్లు సద్దుమణిగింది. రత్నమ్మ పోగు తర్వాత పోగు అతుకుతోంది.

"రత్నా."

వచ్చింది. ఆమె తల ఎత్తలేదు. పోనిచ్చింది. ఎడమచేతిలో పాత పోగు, కుడిచేతిలో కొత్త పోగు, ఒక పురి.

"రత్నా."

మళ్ళీ పోనిచ్చింది. బాగా కుదిరిందనుకుని లోలోపల సంతోషపడింది కూడా. ఇంకో పోగు అందుకుంది. వేళ్ళ మధ్య ఆ పోగు వణికింది.

పదకొండేళ్ళలో ఎన్ని వేలసార్లు విన్నా కుళ్ళాయప్ప పిలుపు ఏనాడూ పోగును కదిలించలేదు. రత్నమ్మ తల తిప్పింది. మంచం మీంచి చాచిన నరసింహయ్య చెయ్యి, గదికి అడ్డంగా లాగి కట్టిన పడుగు మీద పడి ఉంది. కాపురానికొచ్చిన కొత్తల్లో ఆమెను "రత్నా" అని పేరు పెట్టి పిలిచిన పెద్దవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఈయనొక్కడే.

చేతిలోని జతను అతకకుండానే వదిలేసి లేచింది. ఎంత తొందరగా లేచిందంటే మోకాలు మంచం కోడుకు తగిలింది.

"ఏం మామా? ఏం కావల్ల?"

ముసలాయన కిటికీ వైపు చూపించాడు. అక్కడ కళ్ళద్దాలున్నాయి. ఒక కాడ విరిగితే పట్టుదారం కట్టుకున్నాడు. తీసి పెట్టింది. ఆయన పడుగును చాలాసేపు చూశాడు.

"ఏం రంగు?"

"వంకాయ రంగు మామా."

"బాగుండాది" అన్నాడు. మంచం అంచును చేత్తో తట్టి, "కూసో" అన్నాడు.

కూర్చుంది. ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. పడుగు అడుగు దూరంలోనే ఉంది. పిడిలో ఎన్ని పోగులు మిగిలాయో ఆమె లెక్కపెట్టలేదు. ముసలాయన కళ్ళు మూసుకున్నాక అద్దాలు తీసి పడుగు మీద పెట్టింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ఒకటి విడిచాడు. ఆ తర్వాతది రాలేదు. ఇంత నెమ్మదిగా పోతుందా ప్రాణం అనుకుంది.

ఇన్నేళ్ళూ కుళ్ళాయప్ప నీళ్ళకు పిలిచాడేమో, డాక్టరుకు చెప్పమన్నాడేమో అని కుమిలింది. ఊరికే పక్కన కూర్చోమని కూడా పిలిచి ఉండొచ్చు. ఆ ఆలోచన ఆమెకు ఊరట ఇవ్వలేదు, మరింత నొప్పి పెట్టింది. నరసింహయ్య చెయ్యి పట్టుకుని కుళ్ళాయప్ప కోసం ఏడ్చింది.

మంజు వచ్చేసరికి ఆ చెయ్యి ఇంకా వదల్లేదు.

"పోయినాడమ్మా."

"ఒంటరిగా ఉన్నప్పుడా అత్తా?"

"లేదు. నేనుండా."

ఇరుగుపొరుగు వచ్చారు. నలుగురు కలిసి మంచాన్ని బయటి వసారాకు మోశారు. చావింట్లో మగ్గం ఆగిపోతుంది. పని ముగియకుండా రత్నమ్మ లేచి వెళ్ళడం ఇదే మొదలు. గడప దాటుతుండగా వెనక నుంచి మళ్ళీ వినబడింది, "రత్నా" అని. ఈసారి ఆమె పోనివ్వలేదు. ఆగి, వెనక్కి తిరిగింది.

"ఈడనే ఉండా" అంది.

గదిలో ఎవరూ లేరు. వంకాయ రంగు పడుగు మీద నరసింహయ్య కళ్ళద్దాలు అలాగే ఉన్నాయి, ఒక అద్దం మీద బూడిద వేలిముద్రతో.