కాగితం కింది ముఖం

మార్కండేయులు ముక్కుకు తడి తువాలు కట్టుకుని, వేప పలకను ఒళ్లో పెట్టుకుని, గరుకు కాగితంతో అరగదీస్తున్నాడు. కాసేపటికోసారి ఆగి అరచేత్తో తడిమి చూస్తాడు. ఎక్కడైనా గరుకు తగిలితే పెదవి విరిచి మళ్లీ మొదలుపెడతాడు. పొట్టు రేగినప్పుడల్లా దగ్గు వస్తుంది. అప్పుడు పలకను పక్కన పెట్టి, గోడకు చెయ్యి ఆనించి, దగ్గు తన పని ముగించుకునేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. దుమ్ముకు దూరంగా ఉండమని జగిత్యాల డాక్టరు చెప్పి ఆరేళ్లయింది. ఈ పనిలోనూ దుమ్ము ఉంటుందని ఆ డాక్టరుకు ఎవరూ చెప్పలేదు.

గుమ్మం దగ్గర చాట ముందేసుకుని బీడీలు చుడుతున్న వనిత తల తిప్పకుండానే అంది.

"పొద్దుగాల్నే ఆ పలకతోని కొట్లాట ఏందయ్యా? చాయ సల్లారిపాయె."

"తాగుత తియ్."

"నిన్న గూడ గట్లనే అన్నవ్. ఈగ తాగింది."

అతను తువాలు వెనక నవ్వాడు. కళ్లు చిన్నవైతే నవ్వాడని వనితకు తెలుసు.

యాభై మూడేళ్ల మనిషి. సన్నటి మెడ, వంగిన వీపు, నరాలు తేలిన చేతులు. సిరిసిల్లలో ఇరవై రెండేళ్లు సాంచాల మీద పని చేశాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. అతనికి ఊపిరితిత్తుల జబ్బుకన్నా పాత జబ్బు ఒకటుంది. కాదు అనే మాట నోట రాదు. బిడ్డ పెళ్లి ఉంది, నా సాంచాలు కూడా చూసుకో అని ఒకడంటే సరే అన్నాడు. అత్త సచ్చిపోయింది, వారం రోజులు నా పాళీ నువ్వు నడుపు అని ఇంకొకడంటే సరే అన్నాడు. ఆ అత్త అంతకుముందు ఏడాదే ఒకసారి చనిపోయిందని గుర్తున్నా అనలేదు. ఆరు సాంచాలు చూడాల్సినవాడు పది చూశాడు, ఒక పాళీ చెయ్యాల్సినవాడు రెండు చేశాడు. దూది పొట్టు మాత్రం ఎవరి వంతు వారికి పంచలేదు, అంతా అతని రొమ్ములోకే పోయింది. మెట్లెక్కలేని స్థితికి వచ్చాక సేటు వేరే మనిషిని చూసుకున్నాడు. భార్యాభర్తలు కోరుట్లకు, వనిత పుట్టింటి వాళ్లు వదిలేసిన రెండు గదుల ఇంటికి చేరారు.

జగిత్యాలలో ఫొటో గడియారాలు చేసే రాములు దగ్గర ఈ పని నేర్చుకున్నాడు. పని పెద్దదేమీ కాదు. పౌడరు రంగుతో తీసిన జిరాక్సు కావాలి. పలకకు ఫెవికాల్ పూసి, బొమ్మ ఉన్న వైపు కిందికి వచ్చేలా కాగితాన్ని అంటించాలి. ఆరనివ్వాలి. ఆరాక నీళ్లు చల్లి, వెనక కాగితాన్ని బొటనవేలితో పొరలు పొరలుగా రుద్ది తీసెయ్యాలి. కాగితం పోతుంది, రంగు చెక్కను పట్టుకుని ఉండిపోతుంది. ఒక్క నిమిషం తొందరపడితే కాగితంతో పాటు ముఖమూ లేచిపోతుంది. ఎప్పుడు తొందరపడకూడదో వేలికి తెలియాలి. తెగిన పోగుల్ని ఇరవై రెండేళ్లు ముడేసిన వేలు కనుక అతనికి తెలుసు. పెళ్లి పలకలు, పుట్టినరోజు పెంకులు, కుండల మీద దేవుళ్లు, ఏదడిగితే అది చేసి పెట్టేవాడు. పోయినవాళ్ల బొమ్మలు అడిగినప్పుడు మాత్రం ఆ రోజు అన్నం తక్కువ తినేవాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు డిపోలు దాటడం లేదు. కరెంటు ఎప్పుడు వస్తుందో, వచ్చి ఎంతసేపుంటుందో చెప్పేవాడు లేడు. కులసంఘం వాళ్లు రమ్మంటే మార్కండేయులు కూడా ఒకరోజు దీక్షా శిబిరంలో కూర్చున్నాడు. నినాదం ఇవ్వబోతే దగ్గు వచ్చింది. పక్కవాళ్లు అతని వంతు నినాదం కూడా తామే ఇచ్చారు. అతని బదులు ఇంకొకరు ఒక పని చెయ్యడం జీవితంలో అదే మొదటిసారి.

తొమ్మిది దాటాక రూతమ్మ వచ్చింది. మేడిపల్లిలో కూలి పనికి పోయే మనిషి. మక్కజొన్నల ట్రాక్టరు పట్టుకుని, మిగతా దూరం నడిచి వచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. కొంగు లోపలినుంచి ఒక పుస్తకం తీసి, దాని మధ్యనుంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చింది. రంగుల జిరాక్సు. నర్సింగు కాలేజీ నీలిరంగు చొక్కాలో, ఫొటో తీసేవాడు నవ్వమంటే నవ్వలేక బిగపట్టుకున్న ముఖం. కుడి దవడ మీద పుట్టుమచ్చ.

"నా బిడ్డ అన్నా. శాంత. రేపు చర్చి సంఘంల జ్ఞాపకార్థ కూడిక. బల్ల మీద వెట్టనీకె బొమ్మ గావాలె."

"ఏమైండె చెల్లె?"

"జరమచ్చింది. బస్సుల్లేకపాయె. ట్రాక్టర్ దొరికి దవాఖానకు పొయ్యేసరికి..." ఆగింది. "ఎవల్ని అంటం అన్నా? మనకు రాష్ట్రం రావద్దా? నేను గూడ రోడ్డు మీద గూసున్నదాన్నే."

వనిత చేతిలో ఆకు ఆగిపోయింది. లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

మార్కండేయులు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పౌడరు రంగే. పనికొస్తుంది.

"ఇంకోటి తెచ్చినవా? నేను ఎప్పుడన్న రెండు తెమ్మంట."

"గిదొక్కటే ఉన్నది. దాని కాలేజీ కార్డు దవాఖానల వొయ్యింది. కాలేజీ బందుంది. సిన్నప్పటిది ఒకటుండె, అది వానకు తడిసి అట్టకు అతుక్కపాయె."

రంగుల జిరాక్సు మిషను ఉన్నది జగిత్యాలలో. రోడ్డు మీద బైఠాయింపులు, అక్కడికి పోయినా కరెంటు లేదు. ఈ కాగితాన్ని అంటిస్తే మళ్లీ కాగితం ఉండదు. బొమ్మ వస్తే వచ్చినట్టు, లేకుంటే ఈ పిల్ల ముఖం ఇక భూమ్మీద ఎక్కడా ఉండదు. సమ్మె అయినాక చేద్దాం, ఇప్పుడు కాదు అనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

"మాపు అయిదింటికి రా," అన్నాడు.

వనిత అతనివైపు చురుగ్గా చూసింది. అతను చూపు తప్పించాడు.

"ఒక్క మాట చెల్లె. మిషన్ల తిప్పి తీస్తె సక్కగ వస్తది. ఇది గట్ల లేదు. పుట్టుమచ్చ ఎడమ దిక్కు పోతది. నడుస్తదా?"

రూతమ్మ కాగితం మీది మచ్చను వేలితో తాకింది.

"అద్దంల సూసుకుంటే దానికి గట్లనే కనవడుతుండెగద," అంది.

కోరుట్లలోనే ఉన్న చెల్లెలింట్లో సాయంత్రం దాకా ఉంటానని చెప్పి వెళ్లింది. వీధి మలుపు దాకా రెండుసార్లు వెనక్కి చూసింది.

పలక మీద ఫెవికాల్ పల్చగా పూశాడు. ఇంత పల్చగా ఎప్పుడూ పూయలేదు. కాగితాన్ని రెండు అంచులు పట్టుకుని, పసిపిల్లను పక్కమీద వేసినట్టు బోర్లా దించాడు. ముఖం కిందికి పోయింది, తెల్లటి వెనక భాగం పైకి వచ్చింది. మధ్యనుంచి అంచులకు గుడ్డతో ఒత్తి గాలి బుడగలు తీశాడు. ఒక బుడగ కంటి దగ్గర ఆగింది. ఊపిరి బిగపట్టి దాన్ని అంచుదాకా నడిపించాడు. బిగపట్టిన ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. పెదవులు నీలంగా మారాయి.

"నీతోని గాదని చెప్పరాదా ఎన్నడన్న?" వనిత గొంతులో కోపమూ ఉంది, ఏడుపూ ఉంది. "గంత పెద్ద భారం ఎందుకు నెత్తిన వెట్టుకున్నవ్?"

"ఒక్కటే ఉన్నదన్నదే ఆమె."

"అందుకే అంటున్న."

"నేను గూడ అందుకే అన్న," అన్నాడు.

మధ్యాహ్నం పప్పన్నం నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. పలక దగ్గరికి వచ్చి గోటితో మూలన తాకి చూశాడు. అంచులు ఆరాయి, నడుమ ఇంకా చెమ్మ ఉంది. పలకను గుమ్మంలో పడే ఎండకు జరిపి, దాని పక్కనే గోడకు ఆనుకుని కాళ్లు చాపాడు.

"నాలుగింటికి లేపు. నీళ్లు గోరువెచ్చగ వెట్టు. సల్లటివైతె కాగితం మొండికేస్తది."

"పండుకో. నేను లేపుత."

వనిత ఆకులు కత్తిరించింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది. అతని ఊపిరి ఈల ఇంటి చప్పుళ్లలో ఒకటైపోయి చాలా ఏళ్లయింది. ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియలేదు. నాలుగింటికి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చి పలక పక్కన పెట్టి పిలిచింది. భుజం పట్టి కదిపింది. తల ఒక పక్కకు వాలింది. అడ్డు చెప్పడం తెలియని మనిషి చావుకూ అడ్డు చెప్పలేదు.

రూతమ్మ అయిదింటికి వచ్చేసరికి వాకిట్లో జనం. ఎవరో కట్టెల సంగతి మాట్లాడుతున్నారు. ఆమెకు విషయం అర్థమైంది. పది రోజుల కింద తన వాకిలీ ఇట్లాగే ఉంది. దేనికోసం వచ్చిందో అది అడగడానికి నోరు రాలేదు. లోపలికి వెళ్లి ఆడవాళ్ల నడుమ కూర్చుని ఏడ్చింది. ఏ చావుకు ఏడుస్తున్నదో ఆమెకే తెలియదు.

వనితే ఆమెను చూసింది. ఏడుపు ఆపి మూలకు చెయ్యి చూపింది.

"నీ బిడ్డ ఆడున్నది. తీస్కపో చెల్లె."

రూతమ్మ పలకను ఎత్తుకుంది. తెల్లగా, చదునుగా ఉంది.

"నాకు రాదు ఆ పని," అంది వనిత. "నీళ్లు సల్లి బొటనవేలితోని మెల్లగ రుద్దుతుండె. తొందరవడితె మొఖం పోతదనేటోడు. ఇంకేం దెల్వది నాకు."

మరునాడు కూడికలో బల్ల మీద పూలదండ వేసిన తెల్ల పలకను చూసి పాస్టరు తడబడ్డాడు.

"అమ్మా, ఫొటో ఏది?"

"ఇందులనే ఉన్నదయ్యా," అంది రూతమ్మ. "లోపటినుంచి సూస్తున్నది."

ప్రార్థన చేశారు, పాట పాడారు, శాంత మంచితనం చెప్పుకున్నారు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి. జగిత్యాల రాములు విని, పలక తెస్తే తాను పూర్తి చేస్తానని కబురు పంపాడు. రూతమ్మ రెండుసార్లు బస్సు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. ఒకరోజు తలుపేసుకుని, బొటనవేలు నీళ్లలో ముంచి, పలక కింది మూలన రుద్దింది. కాగితం చిన్న చిన్న ఉండలై లేచింది. దాని కింద చొక్కా రంగు కనిపించగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ పలక ఇప్పుడు మేడిపల్లిలో, గూట్లో, బైబిలు పక్కన నిలబెట్టి ఉంది. కింది మూలన గోరంత నీలిరంగు కనిపిస్తుంది, మిగతాదంతా తెల్ల కాగితమే.