కందిరీగ వసంతానిది

ఎనా కొండ కింది ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. పలుమార్లు కందిరీగ కుట్టిన మనిషి ఒంట్లో పాత విషం కాపలా కూర్చుంటుందనీ, కొత్త విషం వస్తే దాన్ని గుమ్మంలోనే చంపేస్తుందనీ అక్కడివాళ్ళు చెబుతారు. ఈ మాట చెప్పేవాళ్ళంతా బతికి ఉన్నవాళ్ళే కనుక, దీనికి ఎదురుసాక్ష్యం దొరకడం కష్టం.

హిబినో ఇసావో ఈ నమ్మకం మీదే ఇరవై ఏళ్ళుగా అన్నం తింటున్నాడు. ఆ ఉదయం అతను సాకే అనే బియ్యపు మద్యం కాచే ఒక బట్టీవారి గాదె చూరు కింద, నిచ్చెన పై మెట్టు మీద నిలబడి, గుమ్మడికాయంత గూటి నోట్లోకి మందు గొట్టం దూర్చి ఉన్నాడు. లోపలినుంచి కాపలా ఈగలు దూసుకొచ్చి అతని ముసుగు జాలీకి, రేకు మీద వడగళ్ళు పడ్డట్టు, తగిలి కింద పడుతున్నాయి. కొన్ని జాలీని పట్టుకుని, తోక ముందుకు వంచి, అతని కళ్ళకేసి విషం చిమ్ముతున్నాయి. అతను రెప్ప వేయలేదు. గొట్టం లాగేసి, పొట్టి పారతో గూటిని మొదలంటా చెక్కాడు. అది నేలమీద పడి పగిలింది. నిచ్చెన దిగి, బయటికి పాకుతున్న వాటినన్నిటినీ బూటు మడమతో వరసగా తొక్కుకుంటూ పోయాడు. తొక్కినప్పుడల్లా వేయించిన సెనగలు నలిగిన చప్పుడు వచ్చింది.

నిచ్చెన పట్టుకున్నది అతని భార్య కినుయో. సన్నగా, అతనికన్నా జానెడు పొడుగ్గా ఉండే ఆమె, చిన్న ట్రక్కు నడపడం, బేరమాడడం, గూటి అరలను జాలీ సంచుల్లో కట్టడం తన పనులుగా చేసుకుంది. లోపలి పిల్లపురుగులను బెల్లం సోయా పులుసులో వేయించుకు తినేవాళ్ళు ఆ లోయలో ఇప్పటికీ ఉన్నారు.

"ఏమయ్యా, మెడ దగ్గర జిప్పు చూసుకున్నావా?"

"చూసుకున్నా."

"చూసుకోకుండానే చూసుకున్నానంటావు నువ్వు. ఇటు తిరుగు."

అతను తిరిగాడు. జిప్పు అంగుళం మేర తెరిచి ఉంది. ఆమె దాన్ని, గోనె మూతి బిగించినట్టు, ఒక్క గుంజు గుంజింది.

ఆ గుంజుడుకు కారణం ఉంది. వానల నెలలో మెడ వెనక ఒక్కటి కుట్టినప్పుడు ఇసావో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, స్నానాల తొట్టి పక్కన బోర్లా పడ్డాడు. వైద్యుడు రక్తం పరీక్ష చేయించి, ఇంకొక్కటి కుడితే గొంతు మూసుకుపోవచ్చనీ, ఈ పని మానాలనీ చెప్పి, తొడలో పొడుచుకునే మందు కలం ఒకటి ఇచ్చాడు. ఆ కలాన్ని కినుయో తన నడుం సంచిలో పెట్టుకు తిరుగుతోంది. ఇసావో మాత్రం దాన్ని పట్నంవాళ్ళ పూజాద్రవ్యంగా చూశాడు.

"డాక్టరు చదివింది చచ్చినోళ్ళ గురించి. నేను బతికున్నోణ్ణి. నా గురించి ఆయనకేం తెలుసు?" అన్నాడు.

ఆ లోయలో పుట్టిన మనిషిగా కినుయో కూడా పాత విషం కాపలాను సగం నమ్మింది. మిగతా సగంతో కలాన్ని మోసింది.

ఇసావోకు అరవై దాటాయి. పొట్టి మనిషి, మెడ లేనట్టు భుజాల్లోకి దిగిన తల, రెండుసార్లు విరిగి కుడివైపు వాలిన ముక్కు. బొగ్గుబట్టీ పెట్టిన తండ్రి అతన్ని నిప్పులు కెలికే కర్రతో కొట్టేవాడు. ఆ వాతలు ఇప్పటికీ వీపు మీద, దున్ని వదిలేసిన చేను చాళ్ళలా ఉన్నాయి. పదహారేళ్ళకు కొండ తొలిచే సొరంగం పనిలో చేరాడు. పేలుళ్ళకు ఎడమచెవి పోయింది. ఆ చెవిలో అరిచి తిట్టిన మేస్త్రీని, వినపడకపోయినా పెదవుల కదలిక చూసి, పారతో కొట్టాడు. పని పోయింది. తరవాత పందులు కోసే చోట పదేళ్ళు. పెళ్ళయిన మొదటి ఏడు కినుయో మీద చేయి చేసుకున్నాడు. ఆమె ఊరగాయ జాడీ మీది బరువు రాయిని ఎత్తి అతని పాదం మీద వేసింది. రెండు వేళ్ళు విరిగాయి. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

అలాంటి మనిషి హైకూలు రాయడం మొదలుపెట్టడానికి కారణం కూడా ఒక గూడే. మూడు వేసవుల కిందట ఊరి సమావేశ మందిరం చూరు కింద గూడు తీయడానికి పిలిచారు. కిటికీ అవతల చాపల మీద కొందరు ముసలివాళ్ళు కూర్చుని, "మేఘం" ఉండాలా "మేఘాలు" ఉండాలా అని వాదించుకుంటున్నారు. మనుషులు ఒక్క మాట కోసం అరగంట కొట్లాడి, చివరికి ఎవరి పళ్ళూ రాలకుండా లేచి టీ తాగడం అతను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. పై నెల చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం కూడా సభ ఉంది. బట్టీవారి గూడు ముగించుకుని, చెమట తడి ఆరని చొక్కాతోనే ఇసావో మందిరానికి వెళ్ళాడు. హైకూ అంటే ఐదు, ఏడు, ఐదు అక్షరాల మూడు పాదాలు, అందులో నడుస్తున్న ఋతువుకు చెందిన మాట ఒకటి ఉండి తీరాలి. అక్కడి పద్ధతి ప్రకారం అందరూ పేరు రాయకుండా చీటీలు వేస్తారు. వాటిని కలిపి, ఒకరివి ఇంకొకరి చేతిరాతలోకి ఎక్కిస్తారు. చదివి మంచి చెడ్డలు తేల్చాకే రాసినవాడు తన పేరు తాను పలుకుతాడు. తేల్చేది ఒగిసో తోకి. చెక్క చెప్పుల దుకాణం నడిపి మానుకున్న ఎనభై ఏళ్ళ ముసలమ్మ. ఆమె చేతిలో ఎప్పుడూ ఈగలు చంపే ప్లాస్టిక్ కర్ర ఒకటి ఉంటుంది. చెడ్డ పద్యం వినబడితే దాంతో చాప మీద ఒక్కటి కొడుతుంది.

మొదట దెబ్బ తిన్నది ఫుసే అనే రిటైరైన బ్యాంకు ఆయన. ఆయన పుచ్చకాయ మీద రాశాడు. పుచ్చకాయ శరత్తుకు చెందిన మాట అనీ, ఏ మాట ఏ ఋతువుదో చెప్పే ఋతుకోశం తిరగేసి రమ్మనీ తోకి అన్నది. ఈ ఉదయమే చెమటలు కక్కుతూ తిన్నానని ఆయన మొర పెట్టుకున్నాడు. తినడానికి అడ్డు లేదనీ, రాయడానికే అడ్డనీ ఆమె తీర్పు చెప్పింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు ఇసావో.

తరవాతి చీటీ చదివారు.

*కందిరీగలు*
*నిప్పుల వానలోన*
*నరకమాయె*

కర్ర చాప మీద రెండుసార్లు పడింది. రాసినదెవరో అడగవలసిన పని లేకపోయినా, ఇసావో పద్ధతి తప్పకుండా తన పేరు పలికాడు.

"కందిరీగ వసంతానిది," అన్నది తోకి. "ఇప్పుడు వేసవి నాయనా."

"వసంతంలో అదెవర్ని చంపుద్ది అమ్మగారూ? చంపేది ఇప్పుడే."

"చంపడం సంగతి నువ్వన్నదే నిజం. కానీ నీ పద్యంలో కందిరీగ ఎక్కడుందయ్యా? నరకం ఉంది. నరకం చూశావా నువ్వు?"

"కందిరీగని రోజూ చూస్తాను."

"జాలీలోంచి."

గది నవ్వింది. ఇసావో పిడికిలి బల్ల మీద పడింది. గిన్నెలు ఎగిరి, ఫుసేగారి టీ ఆయన ఒళ్ళోకి ఒలికింది. ఎవరూ కదలకముందే ఆ పిడికిలి మీద ఈగల కర్ర ఛెళ్ళున తగిలింది. ఇసావోను కొట్టి నిలిచిన మనుషులు ముగ్గురు: తండ్రి, భార్య, ఈ ముసలమ్మ.

"కోపం ఉంచుకో, పనికొస్తది," అన్నదామె. "వెళ్ళి ఒక్కసారి సరిగ్గా చూసిరా. ఏది కనిపిస్తే అదే రాయి. వేసవి మాట దానంతటదే వచ్చి కూర్చుంటది."

అతను ఎర్రబడ్డ చేతిని చూసుకున్నాడు. కొట్టింది ఇంకో మనిషయితే పళ్ళు ఏరుకునేవాడు. ఇసావో తలవంచి నమస్కరించి లేచాడు. బయట కినుయో ట్రక్కుతో కాచుకుని ఉంది.

సాయంత్రపు గూడు చెస్ట్‌నట్ తోటలో, వాలులో, ఒక చెట్టు వేళ్ళ కింద నేలలో ఉంది. రాక్షసజాతి కందిరీగలు. ఒక్కొక్కటి మనిషి చిటికెన వేలంత పొడవు. గాలి లేదు. కొండల వెనక ఉరుము దొర్లుతోంది గాని వాన రావడం లేదు. ఇసావో కన్నంలోకి పొగగుండు వేసి మట్టితో మూశాడు. లోపల గర్జన లేచి, పెరిగి, సన్నగిల్లింది. మూత తీయగానే మిగిలినవి ఒక్క ముద్దగా బయటికి తన్నుకొచ్చాయి. వాటిని పారతో గాలిలోనే కొట్టాడు. గొడ్డలితో చెట్టు వేళ్ళు నరికాడు. తెగినచోట నీరు ఊరింది. చేతులు మోచేతుల దాకా దూర్చి అరలను ఒక్కొక్కటే, పళ్ళేల దొంతర దింపినట్టు, పీకి పైకి తీశాడు. కినుయో వాటిని సంచిలో కట్టి, ట్రక్కు దగ్గరికి వాలు ఎక్కింది.

అడుగున ఆఖరి అర మిగిలింది. దాని మీద పొగ తాగిన కందిరీగలు నాలుగైదు, కల్లు తాగినవాళ్ళలా, తూలుతూ తిరుగుతున్నాయి. ఇసావో మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూశాడు. జాలీలోంచి, సన్న సన్న గడులుగా చూశాడు. ఇరవై ఏళ్ళుగా అతను చూసిన ప్రతి కందిరీగా ఆ గడుల్లో ముక్కలై ఉంది.

పాత విషం లోపల కాపలా ఉంది. అతను జిప్పు లాగి, ముసుగు వెనక్కి తోశాడు.

ఎదుట ఉన్న కందిరీగ ముఖం బత్తాయి తొక్క రంగులో ఉంది. అది అతనికి కొత్త. నుదుటి మీద, రెండు పెద్ద కళ్ళ నడుమ, మరి మూడు చిన్న కళ్ళు పూసల్లా మెరుస్తున్నాయి. దవడల అంచు నల్లగా, నూరిన కొడవలిలా ఉంది. ఇసావో ముక్కు కొసనుంచి చెమట బొట్టు జారి అర అంచున పడింది. అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది దాని వైపు పాకి, తడిమి, ఆ బొట్టును దవడల మధ్య ఎత్తి పట్టుకుంది. బొట్టులో తలకిందులుగా ఒక మనిషి ఉన్నాడు.

చెమట. అది వేసవి మాట. ఋతుకోశంలో ఎండ పక్కనే ఉంటుంది. ఇక కందిరీగ పేరు ఎత్తవలసిన అవసరమే లేదు.

*చెమట బొట్టు*
*దవడల మధ్యన*
*నా చిన్న ముఖం*

అతను వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నాడు. ఐదు. ఏడు. ఆఖరి ఐదు లెక్కిస్తుండగా, ఇంకోవైపునుంచి లేచినది ఎడమకంటి కింద కుట్టింది.

దాన్ని అరచేత్తో చెంపకేసి నలిపేశాడు. ఎప్పటిలాగే నొప్పి దాటిపోవడానికి కాసుకుని కూర్చున్నాడు. నొప్పి దాటలేదు గాని, దాన్ని వెనక్కి నెట్టి ఇంకేదో వచ్చింది. అరచేతులు దురద పెట్టాయి. నాలుక నోటికి పెద్దదైంది. చెట్లు దూరంగా జరిగాయి.

కినుయో వాలు దిగుతూ అతని బోడి తలను చూసింది.

"ముసుగేది? ఏమయ్యా, ముసుగేది?"

అతను చెప్పబోయాడు. ఈల లాంటి శ్వాస తప్ప ఏమీ రాలేదు. పద్యాన్ని ఆమెకు అప్పగించాలంటే మొదట పాదాల లెక్క సరిపోవాలి. చేయి పైకెత్తి ఆమె ముఖం ముందు పెట్టాడు. ఐదు వేళ్ళూ ముడిచాడు. ఆగాడు. ఐదు ముడిచి రెండు తెరిచాడు. ఆగాడు. మళ్ళీ ఐదు ముడిచాడు.

"పదిహేడా?" అన్నది కినుయో. "పదిహేడు కుట్టాయా? ఎక్కడ?"

అతను తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

ఆమె కలం తీయలేదు. ఒకసారి తొమ్మిది కుట్టినా ఇతను నడిచి ఇంటికొచ్చాడు. కుట్టినచోట విషం పీల్చేస్తే నిలబడతాడనుకుంది. సూట్‌ను కత్తితో నిలువునా చీల్చింది. వీపు, చంకలు, మెడ, కాళ్ళు తడిమింది. ఆ పాత వాతల మధ్య కొత్త దద్దు ఒక్కటీ దొరకలేదు. చెంప మీద కందినది మట్టిమరక అనుకుంది. తల ఎత్తి చూసేసరికి అతని పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అప్పుడు కలం తీసి తొడలో పొడిచింది. అప్పుడు ఫోన్ చేసింది.

అతని చేయి ఆమె ఒళ్ళో ఇంకా కదులుతోంది. ఐదు ముడుచుకుంది. కాసేపటికి ఇంకో మూడు. అక్కడ ఆగింది.

ఆసుపత్రిలో వైద్యుడు శవాన్ని నడినెత్తినుంచి అరికాళ్ళ దాకా చూసి, కుట్టినది ఒక్కటేననీ, అది ఎడమకంటి కింద ఉందనీ చెప్పాడు. పదిహేడని కినుయో గట్టిగా అన్నది. ఆయన దీపం దగ్గరికి లాగి రెండోసారి చూశాడు. ఒక్కటే.

తోకి ఫుసేగారి కారులో వచ్చింది. వరండా బల్ల మీద కినుయో పక్కన కూర్చుని అడిగింది.

"ముసుగు ఎందుకు తీశాడమ్మా?"

"తెలీదు పెద్దమ్మా. నోట మాట పడిపోయింది. వేళ్ళతో చెప్పాడు, పదిహేడని."

"పదిహేడు ఎట్లా చెప్పాడు? ఉన్న వేళ్ళు పదే కదా."

కినుయో చేయి ఎత్తి చూపించింది. ఐదు ముడిచి, ఆగి, ఏడు లెక్కించి, ఆగి, ఐదు ముడిచింది.

"మళ్ళీ చూపించు."

ఆమె మళ్ళీ చూపించింది. తోకి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అవి కుట్లు కావమ్మా. పద్యం."

"ఏ పద్యం?"

"అది నాకూ తెలీదు."

తోటలో ట్రక్కు వెనక తలుపు తెరిచే ఉంది. జాలీ సంచిలో, మేపే ఈగలు లేక ఆకలేసిన పిల్లపురుగులు అరల గోడలను దవడలతో గీకుతూ ఉన్నాయి.