పొడి వాకిలి

కామేశ్వరమ్మకు వాకిలంటే ప్రాణం. భీమవరం వదిలి గుండ్లపోచంపల్లి కాలనీకి వచ్చి ఎన్నేళ్లయినా, తెల్లారేసరికి కళ్లాపి చల్లి ముగ్గు దిద్దకపోతే ఆవిడకు కాఫీ గొంతు దిగదు. వీధిలో తన వాకిలంత చల్లనిది మరొకటి లేదని కాస్త గీర కూడా.

ఈ ఎండాకాలం వీధంతా కూర్చుని ఒక కట్టుబాటు చేసుకుంది. ఒకరిని చూసి ఒకరు బోర్లు లోతుకు దింపితే చివరికి అందరి నీళ్లూ అడుగంటుతాయి. అందుకని ఇళ్ల బోర్లు ఆపేసి, వీధి చివర ఉమ్మడి బోరు నీళ్లే పంచుకోవాలన్నారు. అందరికంటే ముందు తలూపినవాడు కామేశ్వరమ్మ భర్త జోగారావే.

వారం తిరక్కుండానే ఎదురింటి ఎలీషమ్మ ఖాళీ బిందెతో వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"అక్కా, మా నల్లాల గాలే వస్తాంది. మీ వాకిలి మాత్రం మస్తు తడిగున్నది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. కామేశ్వరమ్మను ఎక్కువ కోసింది అదే. తమ ట్యాంకులోవి ఉమ్మడి బోరు నుంచి వచ్చిన వంతు నీళ్లేనని కామేశ్వరమ్మ నమ్మింది, పిచ్చి ఇల్లాలు. పెరట్లోకి వెళ్లి మోటారు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. జోగారావు తేలు కుట్టిన దొంగలా పేపరు వెనక నక్కాడు. నిలదీస్తే, మన బోరు మన ఇష్టమని గొణిగాడు.

"బోరు మనదేనండీ. కింద నీళ్లకి కూడా గోడ కట్టించారా?"

స్టార్టరు పెట్టెకు తాళం వేసి, వీధి దాటి, తాళంచెవి ఎలీషమ్మ చేతిలో పెట్టింది.

"మా ఆయన అడిగినా ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు."

మర్నాడు పొడి నేల మీదే ముగ్గు వేసింది. గాలికి గీతలు చెదిరిపోయాయి, అయినా తల దించలేదు. ఆ వాకిలి చూశాక వీధిలో చాటుగా తిరుగుతున్న మిగతా మోటార్లూ సిగ్గుపడి ఆగిపోయాయి. కొన్నాళ్లకు ఉమ్మడి బోరు మళ్లీ ధార కట్టింది.

ఎలీషమ్మ చెంబుతో పరుగున వచ్చింది.

"గీ నీళ్లు సల్లుత అక్కా, మీ ముగ్గు నిలుస్తది."

"వానలు పడేదాకా మా వాకిలి ఇంతేనమ్మా," అని కామేశ్వరమ్మ ఆ చెంబు అందుకుని, ఇద్దరికీ కాఫీ పెట్టడానికి లోపలికి తీసుకుపోయింది.

అదే వేళకి, వీధిలో కొత్తగా దిగిన కృష్ణారావు గేటు దగ్గరికొచ్చి, మీరు మోటారు ఎప్పుడేస్తారని గుసగుసగా అడిగాడు. జోగారావు వీధంతా వినపడేలా జవాబిచ్చాడు.

"మా బోరు తాళం ఎదురింట్లో ఉంటుందండీ. మా ఆవిడే ఇచ్చింది."