చీకటి పెట్టె

ఆ బట్టల కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు పని నేర్పరు, పీట ఇస్తారు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికే ఆ పొడవాటి గదిలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నీళ్లు పిండే యంత్రం దగ్గర, కరెంటు కొట్టకుండా, పొడి చెక్కపీట మీద నిలబడాలి. ముందు యంత్రాన్ని చేతి వెనకవైపుతో తాకి చూడాలి. జివ్వుమంటే కాసేపు ఆగి మళ్లీ పట్టుకోవాలి. "ఏం కాదమ్మా, అలవాటైపోతుంది" అని పనివాళ్లలో అందరికన్నా పాతదైన పెద్దమ్మ చెప్పేది. పాఠకులారా, మనం కూడా ఎన్ని ప్రమాదాలతో ఇలా సర్దుకుపోయి, ఆ సర్దుబాటుకే జాగ్రత్త అని పేరు పెట్టుకున్నామో ఒక్కసారి తలచుకోండి.

ఒకరోజు ఒక పీట బాగా నానిపోయి ఉంది. ఎవరూ చూసుకోలేదు. దాని మీద నిలబడిన అమ్మాయి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లలేదు. నాలుగు రోజులు అందరూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ పీటను ఎండబెట్టి ఇంకొకరికి ఇచ్చారు.

ఆ అమ్మాయి అన్న మోటార్లకు రాగితీగ చుట్టే మెకానిక్. దుఃఖమంతా దిగమింగి, అతను ఒక్క ప్రశ్న పట్టుకు కూర్చున్నాడు. మనిషి ఒంట్లోకి కరెంటు పోతోందని తీగకే తెలిసి, దానంతట అదే ఆగిపోయే ఉపాయం లేదా? అప్పటికి అలాంటిది ఎవరూ చేసి ఉండలేదు. ఏళ్ల తరబడి వాళ్ల భోజనాల బల్ల మీద కంచాలకన్నా రాగిచుట్టలే ఎక్కువగా ఉండేవి. మొదట చేసిన పెట్టె, ఉరుము ఉరిమినా మీట పడి కరెంటు ఆపేసేది. తర్వాత చేసినది మొండిది, అతనే తీగ పట్టుకున్నా కదల్లేదు. అతను ఎగిరి గోడకు కొట్టుకుంటే భార్య పరిగెత్తుకొచ్చింది.

"మీ చెల్లెలి దారినే మీరూ పోతే నా గతేంటి?" అని ఏడ్చింది.

"ఇంట్లోంచి పదిమంది బయటికి వెళ్తే పదిమందీ తిరిగి రావాలి కదా. ఒకరు తగ్గితే ఊరుకుంటామా? కరెంటూ అంతే. వెళ్లినంతా వెనక్కి రాకపోతే, అది ఎవరి ఒంట్లోంచో పోతున్నట్టు. ఆ తేడా పసిగట్టడమే నాకు చేతకావడం లేదు" అన్నాడతను నడుం పట్టుకుని.

చివరికి చేతనయింది. కరెంటు ఆఫీసుకు తీసుకెళ్లి చూపిస్తే అక్కడివాళ్లు పడిపడి నవ్వారు. "మాకు జీతాలిచ్చేది కరెంటు ఇవ్వడానికయ్యా, ఆపడానికి కాదు" అన్నారు. నలుగురూ దీపాలు పెడుతుంటే ఇతను ఆర్పడానికి యంత్రం కనిపెట్టాడని వీధిలో చీకటి మాస్టారు అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరుకు కూడా పలికేవాడు. అంతటి ఓర్పు నాకైతే లేదు.

ఎన్నో గుమ్మాలు తిరిగాక, చెల్లెలు పోయిన ఆ కార్ఖానా యజమానే మెత్తబడ్డాడు. "వారం రోజులు పెట్టి చూడండి మాస్టారూ. మాటిమాటికీ పని ఆపిందంటే మాత్రం పీకించేస్తాను" అన్నాడు. ఇక్కడ కాదంటే ఇక ఎవరూ గడప తొక్కనివ్వరని మాస్టారికి తెలుసు.

పెట్టె మొదటిరోజు నుంచే టప్పున పడడం మొదలుపెట్టింది. కిటికీలు లేని గది కావడంతో పగలే చీకటి కమ్మేది, యంత్రాలు ఆగేవి, దుప్పట్లు గుట్టలు పడేవి. మాస్టారి భార్య కూడా అక్కడే పనిచేసేది. "వదినా, మీ ఆయన పెట్టెకి మళ్లీ నిద్రొచ్చింది, కాస్త లేపవూ" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఆమె నవ్వేది గాని, ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. భర్త పరువు నిలబెట్టాలనుకుంది. గడువు చివరి రోజు పొద్దున్నే చిరిగిన దుప్పటి పీలిక ఒకటి తెచ్చి, పెట్టె మీట పడకుండా కట్టేసింది.

సాయంత్రం యజమాని మాస్టారిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇవాళ ఒక్కసారి కూడా పడలేదట. మొత్తానికి దారిలో పెట్టారు. మిగతా గదులకూ చేసిపెట్టండి" అన్నాడు.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. పెట్టెను ఆప్యాయంగా తడమబోయిన చెయ్యి పీలికకు తగిలి ఆగింది. వెనక్కి తిరిగితే భార్య తల దించుకుని ఉంది. నోరు మెదపకపోతే ఇన్నేళ్ల కష్టం ఆ క్షణాన గట్టెక్కేది. అతను అలా ఊరుకునే మనిషి కాదు.

"ఇది దారిలో పడలేదండీ. దీన్ని కట్టేశారు" అన్నాడు.

"విప్పితే మళ్లీ పడుతుందన్నమాట. అయితే పీకెయ్యండి."

"పీకేస్తాను. ఒక్కటి అడగనివ్వండి. ఇది పడినప్పుడల్లా యంత్రం దగ్గర ఎవరున్నారు? వాళ్ల పీట పొడిగా ఉందా, తడిసి ఉందా?"

పెద్దమ్మ వంగి తన పీటను తిరగేసింది. అడుగంతా నాని నల్లబడి ఉంది. "నిన్న పడినప్పుడు నేనే ఉన్నాను" అంది మెల్లగా. "మొన్న నేను" అంది పక్కావిడ. ఒక్కొక్కరే తమ పీటలు తిరగేసి చూసుకున్నారు. ఇవాళ పొద్దుటి నుంచి వీళ్లందరినీ ఏ కాపలా లేకుండా నిలబెట్టింది తానేనని మాస్టారి భార్యకు అర్థమైంది. తానే వెళ్లి ముడి విప్పింది.

మాస్టారు చెప్పులు విడిచి తడినేల మీదికి నడిచాడు.

"వద్దండీ, మీకు దణ్ణం పెడతాను" అందామె.

"నా చేతి మీద పరీక్షించకుండా మీ నెత్తిన పెడతానా?" అని అతను యంత్రం మీద చెయ్యి వేశాడు.

టప్పుమంది. గదంతా చీకటైపోయింది.

"ఏవండీ?"

జవాబు లేదు. ఆమె చీకట్లో తడుముకుంటూ అతని వైపు నడిచింది.

"ఇక్కడే ఉన్నాను" అన్నాడతను, ఊపిరి తీసుకుని.

ఆ చీకట్లో పెద్దమ్మ ఏడుపు వినిపించింది. "ఆ పిల్లకి కూడా ఆ రోజు ఇలా చీకటి పడుంటే బతికేది కదయ్యా. అలవాటైపోతుందని దానికి చెప్పిన నోరు నాదే."

యజమాని పక్కనున్న పీటను తీసి బాయిలరు మంటలో వేశాడు. మర్నాడు యంత్రాన్ని విప్పి, పాడైన తీగ మార్పించాడు. తర్వాత ప్రతి గదిలోనూ పెట్టె వెలిసింది. చీకటి మాస్టారు అన్న పేరు ఇప్పటికీ పోలేదు గాని, ఆ పేరు పలికేవాళ్ల గొంతులో నవ్వు పోయి గౌరవం వచ్చింది.

పెద్దమ్మ ఇప్పుడు కొత్తవాళ్లకు పీట ఇవ్వదు. చెయ్యి పట్టుకు తీసుకెళ్లి గోడమీది పెట్టెను చూపిస్తుంది. "దేనికీ అలవాటు పడకండమ్మా. ఇది పడితే విసుక్కోకండి. పడిన ప్రతిసారీ మనలో ఒకరు ఇంటికి తిరిగి వెళ్తున్నారని అనుకోండి" అని చెబుతుంది.